ఏడిళ్ళ పాతగుడ్డలు

ఆ రోజుల్లో పసిపిల్లల్ని పెంచడానికి పుస్తకాలుంటాయని మాకు తెలియదు. బిడ్డ ఏడిస్తే పక్కింటి ముసలమ్మ వచ్చి కడుపు మీద చెయ్యేసి చూసేది. ఆవిడకీ అర్థం కాకపోతే ఆ పక్కింటావిడ వచ్చేది. ముగ్గురు నలుగురు పోగయ్యేసరికి ఆ గోలకి బిడ్డే ఊరుకునేది. ఇప్పుడు మా మనవరాళ్ళ తరం వాళ్ళు బజారుకెళ్ళి, పసివాళ్ళ కింద కట్టడానికి అంచు కుట్టిన గుడ్డలు డజన్ల లెక్కన కొనుక్కొస్తుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. కాని వాటిని ఒకసారి చెంపకి ఆనించి చూడకుండా మాత్రం ఉండలేను. (కొట్టువాడు వింతగా చూస్తాడు. చూడనీండి.) ఆ అలవాటు నాకు పద్దెనిమిదో ఏట ధవళేశ్వరంలో పట్టుకుంది. ఎలా పట్టుకుందో చెప్పాలంటే నేనాడిన ఒక అబద్ధం దగ్గర మొదలుపెట్టాలి.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న కాలం అది. మా ఊళ్ళో లాకుల పక్క బంగళాలో కాలువల ఇంజనీరు దొర ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యకి మగపిల్లవాడు పుట్టాడనీ, ఆయా కోసం వెతుకుతున్నారనీ తెలిసి, నేను మిషను బడిలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు చదువుకున్నానన్న ధీమాతో మా అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆ వరండాలో నిలబెట్టింది. దొరసాని నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదేమో. పిల్లల్ని పెంచిన అనుభవం ఉందా అని అడిగింది. ఆరుగురిని పెంచానని చెప్పాను. అందులో నలుగురు మేకపిల్లలు. మిగతా ఇద్దరూ మా పిన్ని కొడుకులు, నా చేతికొచ్చే నాటికే జామచెట్లెక్కి దిగుతున్నారు. ఈ వివరాలు దొరసాని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆవిడ ఎంతో సంతోషించి బిడ్డని నా చేతుల్లో పెట్టింది. అంత చిన్న ప్రాణాన్ని నేను అంతకుముందు ఎత్తుకుని ఎరగను. వాడు కళ్ళు విప్పి నన్నోసారి పరీక్షగా చూసి, నా బండారం తెలిసిపోయినట్టు మొహం చిట్లించి, నేను కట్టుకున్న కొత్త చీర తడిపేశాడు. అప్పటినుంచీ వాడంటే నాకు ప్రాణం.

మర్నాడు దొరసాని వాళ్ళ దేశం సీమ నుంచి ఓడలో వచ్చిన పెట్టె తెరిచి, బిడ్డ కింద కట్టడానికి ఏ గుడ్డలు బాగుంటాయో నన్నే ఏరమంది. ఆరుగురిని పెంచిన మనిషిని కదా. పెట్టెలో మూడు రకాలున్నాయి. ఒకటి ఉన్ని గుడ్డ, మా ఎండల్లో దాన్ని చూస్తేనే చెమట పడుతుంది. రెండోది తువ్వాలు లాంటిది, నూగు నూగుగా ఉంది. మూడోది తెల్లటి నార గుడ్డ. గంజి పెట్టి ఇస్త్రీ చేశారేమో, నిలబెడితే నిలబడేటట్టుంది, పైగా మెరుస్తోంది. గుడ్డలు ఏరడంలో నాకు తెలిసిన విద్య మెరుపు చూడడం ఒక్కటే. నార గుడ్డ తీసి చేతిలో పెట్టాను. దొరసాని తన పుస్తకం తిరగేసి అలాగే కానిమ్మంది. (ఆ పుస్తకంలో బిడ్డ ఎన్ని గంటలకి ఏడవాలో కూడా రాసి ఉందని నా అనుమానం.) ఆ గుడ్డని మూలలు కలిపి మడిచి బిడ్డకి చుట్టి, పిన్నీసు పెట్టి, దాని మీద ఉన్ని లాగు తొడగాలి. మొదటి రోజు పిన్నీసు గుచ్చుకున్నది నా వేలికే, బిడ్డకి కాదు. అందుకు దేవుడికి ఇప్పటికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ ఉంటాను.

నాలుగు రోజులు తిరక్కుండానే బిడ్డ తొడలు ఒరిసిపోయి ఎర్రగా కమిలాయి. గుడ్డ కట్టబోతే చాలు, కాళ్ళు ముడుచుకుని ఊరంతా వినబడేలా ఏడ్చేవాడు. దొరసాని పుస్తకం ముందునుంచీ వెనక్కీ, వెనకనుంచీ ముందుకీ చదివింది. ఆవిడకి దగ్గర్లో తల్లి లేదు, అత్త లేదు, అడగడానికి మనిషి లేదు. దొర చూస్తే కాలువల మీద పడవ వేసుకుని తిరుగుతూ ఉండేవాడు. పిల్లవాడు లోపల ఏడుస్తుంటే ఆవిడ వరండాలో నిలబడి ఏడ్చేది. వాళ్ళిద్దర్నీ చూసి నేను వంటింటి వెనక నిలబడి ఏడ్చేదాన్ని. శనివారం రాజమండ్రి నుంచి డాక్టరు దొర గుర్రబ్బండిలో వచ్చాడు. బిడ్డని చూసి, నన్ను చూసి, మళ్ళీ బిడ్డని చూసి, వచ్చే శనివారానికి ఈ పుళ్ళు మానకపోతే ఈ అమ్మాయిని పంపించేసి మద్రాసు నుంచి తెలిసిన ఆయాని రప్పించమని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంగ్లీషులో చెప్పాడు గాని, ఆ రోజు మాత్రం నాకు ప్రతి మాటా అర్థమయింది. ఉద్యోగం పోతుందన్న బెంగ కంటే, వాణ్ణి ఇంకెవరో ఎత్తుకుంటారన్న ఊహే నాకు మింగుడుపడలేదు.

ఆదివారం ప్రార్థనకని గుడికి పంపినప్పుడు ఇంటికెళ్ళి మా నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని అంతా చెప్పాను. నాయనమ్మ అన్నీ ఓపిగ్గా విని, చివరికి ఒకటే అడిగింది. "పురిటి బిడ్డకి కొత్తగుడ్డ కట్టారటే?" అంది. అవునన్నాను. ఎవరు ఏరారని అడిగింది. నేల చూశాను. అప్పుడు నాయనమ్మ చెప్పిన పద్ధతి ఇదీ. పసిబిడ్డకి కొత్తది కట్టకూడదు. వందసార్లు రేవుకెళ్ళి మెత్తబడిన పాత నూలుగుడ్డే కట్టాలి. అదీ ఎవరిదంటే వాళ్ళది పనికిరాదు, మనవల్ని ఎత్తుకున్న వాళ్ళ ఒంటిమీద నలిగినదై ఉండాలి. బిడ్డకి ఇబ్బందిగా ఉన్నప్పుడు అలాంటివి ఏడిళ్ళలో అడిగి తేవాలి. అడగడానికి సిగ్గుపడితే గుడ్డ పని చెయ్యదట. (ఈ ఆఖరి మాట నాయనమ్మ అప్పటికప్పుడు కల్పించిందని నేను అనుకుంటున్నాను. నా సిగ్గు సంగతి ఆవిడకి తెలుసు.)

ఆ మధ్యాహ్నం మా వీధిలోనూ కాలవగట్టు మీదా కలిపి ఏడిళ్ళు తిరిగాను. మొదట ఉపదేశి తాతగారింటికి వెళ్ళాను. ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళెంట తిరిగి వాక్యం చెప్పిన ఆయన, ఒంటిమీది పంచె తప్ప ఉన్న ఒకే ఒక్క పంచె తీసి, బిడ్డ కోసం చిన్న ప్రార్థన చేసి మరీ ఇచ్చారు. తరవాత పెన్షను మేస్త్రీగారు. కుర్రతనంలో ఆనకట్టకి రాళ్ళు మోసిన మనిషి, ఎవరితోనూ మాట్లాడరు. తలపాగా విప్పి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. సరుకు పడవలున్న వాళ్ళ తల్లి ఒకావిడ ఉండేది, ఊరంతా పడవల మామ్మ అనేవాళ్ళు. ఆవిడ తన మెత్తటి చీర రెండు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టబోయి ఆగింది. "ఇచ్చిన గుడ్డ మళ్ళీ నా గుమ్మం తొక్కకూడదే అమ్మాయ్. బిడ్డే నడిచొచ్చి కనపడాలి," అంది. బిడ్డకిచ్చిన గుడ్డ వెనక్కొచ్చిందంటే ఆ బిడ్డకి ఇక దాంతో పని లేదని అర్థమట. నేను వింటూనే గుండెల మీద చెయ్యేసుకున్నాను. మిగతా నాలుగిళ్ళలోనూ ఎవరూ లేదనలేదు. ఎవరి బిడ్డ అని అడిగినవాళ్ళు కూడా ఇద్దరే. దొరగారి బిడ్డ అంటే, దొరగారి బిడ్డకైనా ఒళ్ళు ఒళ్ళే కదా అని ఇచ్చేశారు.

దొరసానికి చెప్పాలంటే భయమేసింది. డాక్టరు దొర వింటే అసహ్యించుకుంటాడని ఇంకా భయం. అందుకని ఉడుకునీళ్ళలో జాడించి, ముక్కలు కోసి, ఉన్ని లాగు అడుగున ఎవరికీ కనపడకుండా కట్టడం మొదలుపెట్టాను. పైన సీమ లాగు, లోపల ఉపదేశి తాతగారి పంచె. వాడని నార గుడ్డల్ని రోజూ పద్ధతిగా నీళ్ళలో ముంచి తీగ మీద ఆరేసేదాన్ని. దొరసాని వచ్చి ఎన్ని ఆరుతున్నాయో చూసి తృప్తిగా వెళ్ళేది. మొదటి రోజు సాయంత్రానికే బిడ్డ ఏడుపు సగం తగ్గింది. మూడో రోజుకి ఎరుపు తగ్గింది. నాలుగో రోజు గుడ్డ మారుస్తుంటే కాళ్ళు ముడుచుకోవడం మానేసి నా ముక్కు తన్నాడు. అంత హాయిగా నన్ను అంతకుముందు గాని ఆ తరవాత గాని ఎవరూ తన్నలేదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. శుక్రవారం నాకు శుభ్రత పుట్టుకొచ్చింది. రేపు డాక్టరు దొర వస్తాడు, గుడ్డలన్నీ చౌడుమట్టి వేసి ఉడికించి ఉతికితే మల్లెపూవుల్లా ఉంటాయి కదా అనుకుని, బిడ్డ ఒంటిమీద ఒకటి, చేతిలో ఒకటి ఉంచుకుని, మిగతావన్నీ మూటగట్టి రేవులో మా చాకలి తాతకి పడేశాను. ఆ తాతకి అక్షరమ్ముక్క రాదు. కాని మా వీధుల్లో ప్రతి ఇంటి బట్టకీ జీడిరసంతో ఎన్ని ఉతుకులకీ పోని ఒక గుర్తు వేసేవాడు. ఉపదేశిగారిది గీత మీద మూడు చుక్కలు, పడవల మామ్మది తెడ్డు, మేస్త్రీగారిది సున్నాలో ఇంటూ. నలభయ్యేళ్ళలో ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటికి ఇవ్వలేదని తాతకి మహా గర్వం. నేను బంగళా మాట ఎత్తితే రహస్యం పొక్కుతుందని, అవి ఎక్కడివో ఏమిటో చెప్పలేదు. జాగ్రత్త తాతా, ఒక్క ముక్క కూడా పోకూడదు, పొద్దున్నకల్లా అందాలి అని మాత్రం చెప్పి వచ్చాను.

తాత నా మాట జవదాటలేదు. ఒక్క ముక్క పోలేదు, పొద్దున్నకల్లా అందాయి. నాకు కాదు. శనివారం ఉదయం ఎంతకీ మూట రాక రేవుకి పరిగెత్తితే, తాత తీరిగ్గా బాన కింద మంట ఎగదోస్తున్నాడు. "ఎవరింటివి వాళ్ళింట్లో తెల్లారగట్లే యిచ్చేసానమ్మా," అన్నాడు. "ఎవరో పాడు చేతులోళ్ళు ముక్కలు ముక్కలు చేసారు. గుర్తేమో ఒక్క ముక్కకే ఉంది. అయినా నేనుతికిన బట్ట నాకు తెల్దా?" ఏడిళ్ళ గుడ్డల ముక్కలన్నీ నేత పట్టీ, నలుగుడు పట్టీ పోల్చుకుని ఏడు వాకిళ్ళలో చక్కగా మడతపెట్టి వచ్చానని ఆ మహానుభావుడు చెబుతూ, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నట్టు కనిపించాడు. పాపం, మెచ్చుకోదగ్గ పనే. నేను మాత్రం మెచ్చుకోకుండానే వెనక్కి పరిగెత్తాను.

ఏడిళ్ళు తిరిగి తెచ్చే వ్యవధి లేదు. బంగళాకి వచ్చేసరికి తొమ్మిది కొట్టింది, డాక్టరు దొర వచ్చేది పదింటికి. ఉన్న రెండు గుడ్డలూ బిడ్డ ఎప్పుడో తడిపేశాడు. గత్యంతరం లేక నార గుడ్డ తీసి కట్టాను. ఐదు రోజుల తరవాత వాడు మళ్ళీ ఆ పాత ఏడుపు ఎత్తుకున్నాడు, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కలిపి. దొరసాని లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే బంట్రోతు వచ్చి, గేటు దగ్గర ఎవరో ముసలివాళ్ళు నిలబడ్డారనీ, వెళ్ళమంటే వెళ్ళడం లేదనీ చెప్పాడు.

వరండాలోకి వెళ్ళి చూశాను. ఏడుగురూ వచ్చారు. ఎవరి గుడ్డ ముక్కలు వాళ్ళు పట్టుకుని లోపలికి నడిచి వస్తున్నారు. ఉపదేశి తాతగారు ఇంకో చేత్తో బైబిలు పట్టుకుని, అందులో ఒకచోట వేలు దూర్చి ఉంచారు. పడవల మామ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరితోనూ మాట్లాడని మేస్త్రీగారి గడ్డం వణుకుతోంది. అప్పుడు గాని నాకు వెలగలేదు. తెల్లారి తలుపు తీసేసరికి, బిడ్డకిచ్చిన గుడ్డలు గుమ్మంలో ఉతికి మడతపెట్టి ఉన్నాయి. బిడ్డ పోయాడనుకున్నారు, ఒకరినొకరు అడిగి ఎవరి బిడ్డో తెలుసుకున్నారు. ముఖమైనా చూడని ఆ బిడ్డ కోసం, ఎన్నడూ తొక్కని ఆ గేటు దాటి పరామర్శకి వచ్చారు.

నేను నోరు తెరిచేలోగా లోపలినుంచి వాడు ఇంకో రాగం అందుకున్నాడు. మామ్మ మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. "వాడేనా ఏడ్చేది?" అంది. తలూపాను. "ఏడవనీ తల్లీ. ఎంతసేపు ఏడుస్తాడో ఏడవనీ," అని అక్కడే మెట్టు మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మొహం కొంగులో దాచుకుంది. ఉపదేశి తాతగారు సమాధి దగ్గర చదివే వాక్యంలో పెట్టిన వేలు గబుక్కున తీసేసి, స్తుతి వాక్యం కోసం పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. పిల్లవాడి ఏడుపు విని అంతమంది అంత సంబరపడడం నేను మళ్ళీ చూడలేదు.

దొరసాని బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వీళ్ళెవరు, ఎందుకేడుస్తున్నారు అని నన్ను అడిగింది. అబద్ధం చెబుదామనే అనుకున్నాను, నిజం దాచడం ఎందుకు. కాని అబద్ధం అల్లడానికి కావలసినంత ఇంగ్లీషు నా దగ్గర లేదు, నిజానికి మాత్రం సరిపోయింది. పాతగుడ్డల సంగతి, తీగ మీద ఉత్తుత్తి ఆరబెట్టడం, చాకలి తాత గుర్తులు, అన్నీ చెప్పాను. పనిలో పనిగా మేకపిల్లల సంగతి కూడా చెప్పేశాను. దొరసాని కోప్పడలేదు. వీళ్ళు నా కొడుకు చనిపోయాడనుకున్నారా అని అడిగింది. అవునన్నాను. అందుకోసం వచ్చారా అంది. అందుకే అన్నాను. ఆవిడ ఆ ఏడు ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. తరవాత మెట్లు దిగి వెళ్ళి, మామ్మ చేతిలోంచి చీరముక్క తీసుకుని చెంపకి ఆనించుకుంది. ఆవిడ దగ్గరున్న పుస్తకంలో ఆ పేజీ లేదనుకుంటాను. మామ్మకి పక్కనే తనూ మెట్టు మీద కూర్చుని, బిడ్డకి నార గుడ్డ విప్పేసి, తన చేతులతో ఆ ముక్క కట్టింది. వాడు రెండు వెక్కిళ్ళు పెట్టి ఊరుకున్నాడు.

డాక్టరు దొర రానే వచ్చాడు. బిడ్డ తొడలు చూసి, పుళ్ళన్నీ మానాయని సంతోషించి, పద్ధతి ప్రకారం చేస్తే ఇలాగే ఉంటుందన్నాడు. అంతలో ఆయన కళ్ళు గుడ్డ మీద పడ్డాయి. మూల పట్టుకుని తెడ్డు గుర్తు చూసి, ఈ పాతగుడ్డలు ఎక్కడివని అడిగాడు. నా పని అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. దొరసాని చాలా మామూలుగా, "వాడి తాతలవీ, మామ్మలవీ," అని చెప్పింది. డాక్టరు దొర వరండాలో వరసగా కూర్చున్న ఏడుగుర్ని చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, గొంతు సవరించుకుని టోపీ తీసుకున్నాడు. మద్రాసు ఆయా రాలేదు.

ఆ తరవాత చాకలి తాతని పిలిపించారు. ముందే చెప్పి ఏడవచ్చు కదా అని తాత నా మీద చాలా రోజులు అలిగాడు. అలుగుతూనే ప్రతి గుర్తు పక్కనా బిడ్డ కోసమని ఒక కొత్త చుక్క పెట్టాడు. పదకొండో నెలలో వాడు తప్పటడుగులు వేస్తే, దొరసాని తనే వాణ్ణి కాలవగట్టు మీదికి తీసుకొచ్చి పడవల మామ్మ గుమ్మం ముందు దింపింది. వాడు నాలుగడుగులు వేసి గడప మీద పడ్డాడు. మామ్మ వాణ్ణి లేవనెత్తి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ చాలు. రెండేళ్ళకి వాళ్ళు సీమకి వెళ్ళిపోయారు. పెట్టె సర్దుతున్నప్పుడు తెడ్డు గుర్తున్న ముక్క ఒకటి దొరసాని అడుగున పెట్టుకోవడం నేను చూశాను. వాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నాకు పిల్లల్ని పెంచడం నేర్పింది వాడే, ఆ ఏడుగురే, మా చాకలి తాతే. ఆ తరవాత నా సొంత పిల్లలు నలుగుర్ని పెంచాను. ఈసారి మేకపిల్లలు కారు.

పోయిన నెల మా వెనక వీధి అమ్మాయి ఒకతె పురిటికని పుట్టింటికొచ్చి, ఇరవయ్యో రోజు బిడ్డని తల్లికి అప్పగించి మా ఇంటికొచ్చింది. చాలాసేపు ఏవేవో కబుర్లు చెప్పి, చివరికి తలొంచుకుని, "మీ పాత చీర ఏమైనా ఉంటే ఇస్తారేంటండి మామ్మగారూ," అని అడిగింది. నాకు ముందర అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాను. నువ్వు ముసలిదానివయ్యావని అంత మర్యాదగా నాకు ఎవరూ చెప్పలేదు. నాకున్న వాటిలో అన్నిటికంటే మెత్తటిది తీసి, చెంపకి ఆనించి చూసి, రెండు మడతలు పెట్టి ఇచ్చాను. చాకలికి ముందే చెప్పి వెయ్యమని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఇచ్చిన గుడ్డ నా గుమ్మం తొక్కకూడదనీ, బిడ్డే నడిచొచ్చి కనపడాలనీ కూడా చెప్పాను. ఆ బిడ్డ ఇంకా మెడ కూడా నిలపలేదు. నడవాలంటే ఏడాదైనా పడుతుంది. ఈ మధ్య మోకాళ్ళూ అవీ నన్ను తొందరపెడుతున్నాయి గాని, ఆ ఏడాది దాకా నేనెక్కడికీ వచ్చేది లేదని వాటికి గట్టిగా చెప్పేశాను.